చంద్రతాల్ వీడియో ఎందుకు రాలేదంటే: ధర్మరాజు కుక్క మనల్ని అడిగే ప్రశ్న



స్పితి సిరీస్ చూసినవాళ్ళలో చాలామంది ఒకటే అడుగుతున్నారు. "అక్కా, తాబో చూపించారు, కాజా చూపించారు, కీ గోంపా చూపించారు. మరి చంద్రతాల్ ఏది?" అని.

అడగడంలో న్యాయం ఉంది. మొదటి ఎపిసోడ్‌లోనే మేం దాని గురించి చెప్పి ఊరించాం కదా. ధర్మరాజు కోసం ఇంద్రుడి రథం దిగింది ఈ సరస్సు ఒడ్డునే అని ఆ ప్రాంతంలో ఒక కథ చెప్పుకుంటారు. బదరీనాథ్ దాటాక మాణా ఊరు, స్వర్గారోహిణి శిఖరం వైపు అని చెప్పేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళే ఎక్కువ. ఏది నిజమన్న చర్చ ఇక్కడ వద్దు. చంద్రతాల్ ఒడ్డున మా రాగిని పక్కన కూర్చోబెట్టుకుని, మహాప్రస్థానిక పర్వంలోని కుక్క కథ చెప్పాలన్నది మా ప్లాన్. ఆ కథకి అంతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది చెప్పండి?

కానీ వెళ్ళలేదు. రాగి కోసమే వెళ్ళలేదు.

ఇంకో రకం కామెంట్లు కూడా వచ్చాయి. "మూగజీవిని అంత ఎత్తుకి లాక్కెళ్ళడం హింస కాదా?" అని కొందరు. "ధర్మరాజే తీసుకెళ్ళాడు, మీకేంటి బాధ?" అని వాళ్ళకి జవాబిచ్చినవాళ్ళు ఇంకొందరు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. వీడియోలో పది నిమిషాల్లో తేలే విషయం కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. తీరిగ్గా చదవండి.

కథలో అసలేం జరిగింది?

మహాప్రస్థానం అనగానే మనలో చాలామందికి శ్రీశ్రీ గారి పుస్తకం గుర్తొస్తుంది. హైదరాబాద్ వాళ్ళకైతే ఆ పేరుతో ఉన్న శ్మశానవాటిక గుర్తొస్తుంది. అసలు మహాప్రస్థానం అంటే వెనక్కి రాని ప్రయాణం. మహాభారతంలో పదిహేడో పర్వం, చాలా చిన్నది. తిక్కన గారు తెలుగు చేసిన పదిహేను పర్వాల్లో ఇదీ ఒకటి.

కృష్ణుడు వెళ్ళిపోయాడన్న వార్త విన్నాక పాండవులు రాజ్యాన్ని పరీక్షిత్తుకి అప్పగించి, నారచీరలు కట్టుకుని హస్తినాపురం వదిలారు. అన్నదమ్ములు ఐదుగురు, ద్రౌపది ఆరో మనిషి. ఏడోది ఒక కుక్క. దాన్ని ఎవరూ పిలవలేదు. అదే వెంట పడింది.

ఇక్కడ చాలామంది గమనించని వివరం ఒకటి ఉంది. హిమవంతాన్ని దాటాక వాళ్ళకి ముందు కనిపించింది స్వర్గం కాదు, ఇసుక సముద్రం. ఆ తర్వాతే మేరు పర్వతం కనిపించింది. మంచుకొండల వెనక ఇసుక ఏమిటని చిన్నప్పుడు నాకు అనుమానంగా ఉండేది. స్పితి చూశాక ఆ అనుమానం పోయింది. హిమాలయాల వెనక వైపు వర్షం మేఘాలు దాటి రాలేని చోట నిజంగానే ఎడారి ఉంటుంది. ఆ కవి ఈ లోయనే చూసి రాశాడని నేను అనను. కానీ మంచు దాటితే ఎడారి వస్తుందన్న సంగతి మన ఇతిహాసానికి తెలుసు. ఆ ఎడారిలో ఒక కుక్క కూడా నడిచింది.

తర్వాత ఒక్కొక్కరే పడిపోయారు. ముందు ద్రౌపది, తర్వాత సహదేవుడు, నకులుడు, అర్జునుడు, చివరికి భీముడు. ధర్మరాజు వెనక్కి తిరిగి చూడకుండా నడిచాడు. వెంట కుక్క ఒక్కటే మిగిలింది.

ఇంద్రుడు రథంతో వచ్చాడు. ధర్మరాజు ముందు తన వాళ్ళ గురించి అడిగాడు. వాళ్ళు దేహాలు విడిచి ముందే వెళ్ళారు, నువ్వు ఈ దేహంతోనే రావచ్చు అన్నాడు ఇంద్రుడు. అప్పుడు కుక్క ప్రసక్తి వచ్చింది. ఇది నన్ను నమ్ముకుని వచ్చింది, ఇదీ రావాలి అన్నాడు ధర్మరాజు. కుక్కలతో ఉండేవాళ్ళకి స్వర్గంలో చోటు లేదు, క్రోధవశులనే వాళ్ళు అలాంటివారి పుణ్యమంతా పట్టుకుపోతారు, వదిలెయ్, ఇందులో క్రూరత్వం ఏమీ లేదు అన్నాడు ఇంద్రుడు. ధర్మరాజు ఒప్పుకోలేదు. నా సుఖం కోసం నమ్ముకున్నదాన్ని వదలను అన్నాడు.

అప్పుడు ఇంద్రుడు గట్టి దెబ్బే కొట్టాడు. తమ్ముళ్ళని, భార్యని దారిలో వదిలి వచ్చావు కదా, కుక్క దగ్గర ఇంత పట్టుదల ఏమిటి అని. ధర్మరాజు జవాబు చూడండి: వాళ్ళు చనిపోయారు, బతికించడం నా చేతిలో లేదు, బతికి ఉండగా వాళ్ళని నేను వదల్లేదు. శరణన్నవాడిని వదలడం స్త్రీహత్యతో, మిత్రద్రోహంతో సమానమైన పాపమని కూడా అన్నాడు. ఆ తర్వాతే కుక్క ధర్మదేవతగా కనిపించింది.

"ధర్మరాజు కూడా తీసుకెళ్ళాడుగా!"

కథ మళ్ళీ చదివితే ఈ మాట నిలబడదు. ధర్మరాజు కుక్కని ఎక్కడికీ తీసుకెళ్ళలేదు. అది వచ్చింది, ఆయన వద్దనలేదు. పరీక్ష వచ్చింది చివర్లో. స్వర్గం, కుక్క, రెండిట్లో ఒకటి ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు ఆయన స్వర్గాన్ని వదులుకోవడానికి సిద్ధపడ్డాడు. కథలోని ధర్మం అక్కడ ఉంది. కుక్కతో కొండెక్కడంలో లేదు.

మనం ఇవాళ చేసేది దాదాపు దీనికి తిరగేసిన పని. మనకి స్వర్గం కావాలి, అందులో కుక్క కూడా ఉండాలి, ఫ్రేమ్‌లో ఇద్దరం బాగా పడాలి. వెళ్ళాలన్న కోరిక మనది, దారి మనం ఎంచుకున్నది, తేదీలు మన లీవులని బట్టి ఉంటాయి. కుక్క మాత్రం నమ్మకంతో కారెక్కుతుంది.

2022లో ఒక వ్లాగర్ తన హస్కీని కేదార్‌నాథ్ తీసుకెళ్ళినప్పుడు ఎంత గొడవైందో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆలయ కమిటీ ఫిర్యాదు దాకా వెళ్ళింది. అప్పుడు చర్చంతా మైల, పవిత్రత చుట్టూనే తిరిగింది. కుక్క గుడి దగ్గరికి రావచ్చా, రాకూడదా అని. దత్తాత్రేయుడి పాదాల దగ్గర నాలుగు కుక్కలున్నాయి, కాలభైరవుడి వాహనమే కుక్క అని ఒక పక్షం వాళ్ళు పటాలు చూపించారు. ఆ పటాలు నిజమే. గుడికి దాని నియమం దానికుంటుంది, అదీ నిజమే. తాబోలోనూ కీలోనూ మేం లోపలికి వంతులవారీగా వెళ్ళాం. ఒకరు దర్శనం చేసుకుంటుంటే ఇంకొకరు బయట రాగి దగ్గర ఉన్నాం. అది పెద్ద కష్టమేమీ కాదు. కానీ ఆ గొడవంతటిలో అంత ఎత్తుకి, అంత జనంలోకి రావడం ఆ కుక్కకి ఎలా ఉందన్న ప్రశ్న నాకు పెద్దగా వినపడలేదు. మైల గురించి అడిగినవాళ్ళూ అడగలేదు, ప్రేమ గురించి మాట్లాడినవాళ్ళూ అడగలేదు.

కాజా అంటే ఎలాంటి చోటు?

కాజా స్పితి లోయకి ముఖ్యమైన ఊరు. సముద్రమట్టానికి సుమారు 3,650 మీటర్ల ఎత్తు. మన హైదరాబాద్ 540 మీటర్ల దగ్గర ఉంటుంది, పోల్చుకోండి. గాలిలో దొరికే ఆక్సిజన్ సముద్రతీరంతో పోలిస్తే సుమారు మూడింట రెండు వంతులే. చుట్టూ గోధుమరంగు, బూడిదరంగు కొండలు, వాటి మీద చెట్టనేది కనపడదు. కింద స్పితి నది పాయలుపాయలుగా పారుతుంది. నీళ్ళు మళ్ళించిన చోట మాత్రం పచ్చటి బఠాణీ చేలు, బార్లీ చేలు. ఒక బజారు, ఒక పెట్రోలు బంకు, ఒక ఆసుపత్రి, చిన్న చిన్న హోమ్‌స్టేలు. చలికాలంలో మైనస్ 20 డిగ్రీలకీ ఇంకా కిందకీ పోతుంది, నల్లాల్లో నీళ్ళు గడ్డకడతాయి.

కాజాకి రెండు దారులు. మనాలీ వైపు నుంచి కుంజుమ్ కనుమ (4,551 మీటర్లు) మీదుగా వచ్చే దారి దగ్గర, కానీ ఎత్తు ఒక్కసారిగా పెరిగిపోతుంది. మంచు వల్ల ఏడాదిలో కొన్ని నెలలే తెరిచి ఉంటుంది. సిమ్లా నుంచి కిన్నౌర్ మీదుగా వచ్చేది పొడుగు దారి, ఎత్తు మెల్లగా పెరుగుతుంది. ఉద్యోగం వల్ల మేం ఇప్పుడు మొహాలీలో ఉంటున్నాం, అక్కడి నుంచే బయల్దేరాం. రాగి కోసం పొడుగు దారే ఎంచుకున్నాం. నార్కండాలో ఒక రాత్రి, కల్పాలో రెండు రాత్రులు, తర్వాత తాబో.

రాగి గురించి తెలియనివాళ్ళకి: అది కూకట్‌పల్లి వీధుల్లో దొరికిన ఇండీ. ఆరేళ్ళది, పేరుకి తగ్గట్టే రాగి రంగు. బయల్దేరేముందు పశువైద్యుడికి చూపించాం. ఆయన చెప్పినవి మీకూ పనికొస్తాయి. ఎత్తు ప్రదేశాల్లో మనకి వచ్చే ఇబ్బంది కుక్కలకీ వస్తుంది. తిండి మానేయడం, వాంతి, ఊరికే పడుకుని ఉన్నా ఆయాసపడటం, నడవడానికి మొరాయించడం, ఇవి గుర్తులు. కనపడితే ఇంకా పైకి వెళ్ళకూడదు. తగ్గకపోతే కిందకి దిగాలి. కుక్క ఒంటి వేడిని ముఖ్యంగా నాలుక బయటపెట్టి ఆయాసపడటం ద్వారానే తగ్గించుకుంటుంది, అందుకని పొడిగాలిలో నీరు త్వరగా కోల్పోతుంది. పగ్, బుల్‌డాగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు జాతులకి మామూలు చోట్లే శ్వాస కష్టం, వాటిని ఇలాంటి ఎత్తులకి అసలు తీసుకెళ్ళొద్దు అన్నారు. గుండె జబ్బు ఉన్నవాటినీ, బాగా ముసలివాటినీ కూడా.

తోక ఊపడం అంటే సరే అనడమా?

తాబో సుమారు 3,280 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడి మఠం 996లో కట్టింది, వెయ్యేళ్ళు దాటింది. మట్టిగోడలు బయటికి చాలా సాదాగా ఉంటాయి. ఆ సాయంత్రం రాగి అన్నం ముట్టలేదు. రాత్రి పడుకున్నా డొక్కలు ఎగరేస్తూనే ఉంది. నీళ్ళు కొంచెం తాగింది. మర్నాడు కాజా వెళ్ళాల్సింది ఆపేశాం. రెండు రాత్రులు ఎక్కువ ఉన్నాం. మూడో రోజు పొద్దున గిన్నె నాకి నాకి శుభ్రం చేసింది. ఇంకో పూట చూసుకుని కాజా చేరాం. అక్కడ మామూలుగానే తింది, పడుకుంది. కానీ మా రోజులు తరిగిపోయాయి. మిగిలినవి మూడు. చంద్రతాల్ వెళ్ళాలంటే కుంజుమ్ దాటాలి, సరస్సే సుమారు 4,250 మీటర్ల ఎత్తులో ఉంది.

మా ఆయనకి చంద్రతాల్ కాలేజీ రోజుల నుంచి కల. కాజాలో ఆ రాత్రి ఆయన అన్నది యథాతథంగా రాస్తున్నాను: "ఒక్క రోజే కదా. ఇప్పుడు బాగానే ఉందిగా. చూడు, తోక కూడా ఊపుతోంది."

నిజమే, ఊపుతోంది. నేనన్నాను, "అది నిన్ను చూసి ఊపుతోందండీ. కొండని చూసి కాదు."

ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నువ్వు వెళ్ళిరా, నేను దీంతో ఉంటాను" అన్నారు. నేను వద్దన్నాను. రాగి ఇద్దరిలో ఒకరు కనపడకపోతే గుమ్మం దగ్గరే కూర్చుంటుంది, అంత దూరం ఒక్కదాన్నే వెళ్ళడం నాకూ ఇష్టం లేదు. చివరికి ఇద్దరం మానేశాం. వచ్చిన దారినే దిగిపోయాం. ఆయనకి బాధ లేదని అబద్ధం చెప్పను. కిన్నౌర్ చేరేదాకా పెద్దగా మాట్లాడలేదు.

దీన్ని త్యాగం అనడం నాకు ఇష్టం లేదు. సరస్సు అక్కడే ఉంటుంది, ఇంకోసారి వెళ్ళొచ్చు. కానీ ఆ రాత్రి ఒక విషయం నాకు స్పష్టమైంది, అది మీతో చెప్పాలనే ఇదంతా.

కుక్క మనకి వద్దని చెప్పదు. కొన్ని వాటికి వద్దంటుంది, స్నానానికి, ఇంజెక్షన్‌కి. కానీ "నేనూ రానా?" అన్న విషయంలో మాత్రం దాని జవాబు ఎప్పుడూ ఒకటే. లీష్ చేతిలోకి తీసుకుంటే చాలు, గంతులేస్తుంది. ఎక్కడికి అని అడగదు. కాజా అంటే ఏమిటో, 4,250 మీటర్లంటే ఏమిటో దానికి తెలియదు. దానికి తెలిసింది మనం మాత్రమే. కాబట్టి అది వస్తానంటే ఆ ప్రయాణానికి ఒప్పుకున్నట్టు కాదు, మనల్ని నమ్మినట్టు. ఈ రెండూ వేరు. మనం మాత్రం ఆ నమ్మకాన్నే ఒప్పుకోలు అనుకుంటాం, అదే సుఖంగా ఉంటుంది కాబట్టి.

ధర్మరాజు వాడిన మాట సంస్కృతంలో 'ఆనృశంస్యం'. నృశంసుడంటే క్రూరుడు, ఆనృశంస్యమంటే క్రూరత్వం లేకపోవడం. యక్షప్రశ్నల్లో కూడా పరమధర్మం ఇదేనని అంటాడు ఆయన. దయ, కరుణ, ప్రేమ అనే పెద్ద మాటలుండగా ఇంత పొదుపైన మాట ఎందుకని ఆలోచిస్తే నాకు తోచింది ఇది. ప్రేమలో మన ఆనందం కూడా కలిసి ఉంటుంది, అందులో తప్పేమీ లేదు. కానీ ఎదుటి ప్రాణి మన చేతిలో పూర్తిగా ఉన్నప్పుడు, అది వద్దనలేనప్పుడు, మన ఆనందం మెల్లగా దాని మీద భారం కావచ్చు. అప్పుడు దాని తరఫున మనమే 'వద్దు' అనాలి. మన కోరికకి మనమే అడ్డుపడాలి. ఆనృశంస్యం అంటే ఆ పని. చూడ్డానికి ప్రేమంత అందంగా ఉండదు. వీడియో రాదు.

కాజా కుక్కల సంగతి

ఇక్కడితో ఆపితే సగం నిజమే చెప్పినట్టు. కాజాలో రాగి ఒక్కటే కుక్క కాదు. ఆ ఊళ్ళో కుక్కలు చాలా ఉన్నాయి, ఒత్తు జుట్టుతో, పెద్ద తలలతో, చూస్తే ముద్దొచ్చేలా. టూరిస్టులంతా బిస్కెట్లు వేస్తారు. ధర్మరాజు కథ విన్నవాళ్ళం, మనకీ వేయాలనిపిస్తుంది.

మేమున్న హోమ్‌స్టే పెద్దావిడ హిందీలో చెప్పిన మాట తెలుగులో రాస్తాను. "బేటీ, ఎండాకాలం మీరొచ్చి వీటికి పెడతారు. హోటళ్ళ వాళ్ళు మిగిలింది పారేస్తారు. పిల్లలు పెడతాయి, అన్నీ బతుకుతాయి. మంచు పడగానే మీరంతా వెళ్ళిపోతారు. అప్పుడు ఇవి ఏం తినాలి? గుంపులుగా మా గొర్రెల మీద పడతాయి."

ఇది ఆవిడ ఒక్కరి బాధ కాదు. స్పితి ఎగువ ప్రాంతంలో పశునష్టం మీద 2017లో అచ్చయిన ఒక పరిశోధన, మంచు చిరుత కంటే కుక్కల వల్లే ఎక్కువ పశువులు పోతున్నాయని తేల్చింది. మంచు చిరుతని కాపాడాలని ప్రపంచమంతా మాట్లాడుకునే చోటు అది. లదాఖ్‌లో నల్లమెడ కొంగల గుడ్లకీ పిల్లలకీ కుక్కల గుంపుల వల్ల ముప్పుందని అక్కడి పక్షి నిపుణులు చెబుతుంటారు. కుక్కల నుంచి డిస్టెంపర్ లాంటి జబ్బులు అడవి జంతువులకి సోకే ప్రమాదం ఉంది. మన పెంపుడు కుక్కకి టీకాలన్నీ పూర్తి కాకుండా అక్కడికి వెళ్ళకూడదనడానికి ఇదీ ఒక కారణం.

తప్పు కుక్కలది కాదు, దయచేసి అలా అర్థం చేసుకోవద్దు. ఆకలేస్తే తింటాయి. జూన్‌లో అన్నం పెట్టి జనవరిలో కనపడకుండా పోయే దయ సంగతి నేను మాట్లాడేది. ధర్మరాజు చెప్పినట్టు నమ్ముకున్నదాన్ని వదలకూడదు అంటే, నమ్మించి వదిలేయడం ఇంకా తప్పు కదా? ఒక కుక్కకి వారం రోజులు రెండు పూటలా పెట్టి, పేరు పెట్టి, రీల్ తీసి వెళ్ళిపోతే, ఎనిమిదో రోజున అది ఆ హోటల్ గుమ్మం దగ్గరే కూర్చుంటుంది.

మరి ఏం చేయాలి? మిగిలిన తిండి బయట పారేయకండి. పెట్టాలనిపిస్తే ఆ డబ్బు కుక్కల ఆపరేషన్లు, టీకాలు చేయించే స్థానిక ప్రయత్నాలకి ఇవ్వండి. ఊళ్ళో అడిగితే చెబుతారు. మీ కుక్కని చేల వైపు, మేసే మందల వైపు వదలకండి, లీష్ తీయకండి.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. అక్కడి కుక్కపిల్లల్ని చూసి మనసు కరిగి ఇంటికి తెచ్చుకోవాలనిపిస్తుంది. దారిలో అమ్మేవాళ్ళూ తగులుతారు. మైనస్ 20లో బతకడానికి పుట్టిన ఒత్తుజుట్టు కుక్కని మే నెలలో 42 డిగ్రీల హైదరాబాద్‌కో విజయవాడకో తేవడం, పగ్‌ని కుంజుమ్ ఎక్కించడం లాంటిదే. దిశ మారిందంతే. ఏసీ ఉందిగా అంటారు. రోజుకి ఎన్ని గంటలు? కరెంటు పోతే? దానికి ఆ గది తప్ప ప్రపంచం లేకపోతే?

మరి తీసుకెళ్ళాలా, వద్దా?

అందరికీ ఒకే జవాబు చెప్పలేను. ఇంట్లో ఒంటరిగా వదిలితే తిండి మానేసే కుక్కలున్నాయి. తెలియని బోర్డింగ్‌లో పది రోజులు పెట్టడం కూడా దానికి శిక్షే కావచ్చు. ఆరోగ్యంగా ఉన్న మధ్యవయసు కుక్క, మెల్లగా ఎక్కే దారి, చేతిలో అదనపు రోజులు ఉంటే కొండల్లో అది మనకంటే సంతోషంగా ఉండొచ్చు. కల్పాలో దేవదారు చెట్ల కింద రాగి ఆడిన ఆట మీరు రెండో ఎపిసోడ్‌లో చూశారు. అది నటన కాదు.

కాబట్టి నేను మీకిచ్చేది నియమం కాదు, బయల్దేరేముందు వేసుకోవాల్సిన మూడు ప్రశ్నలు.

మొదటిది. ఈ ప్రయాణంలో దానికోసం ఏదైనా ఉందా, లేక అంతా నాకోసమేనా? దానికి నది వాసన కావాలి, నడక కావాలి, మనం పక్కన ఉండాలి. శిఖరం, సరస్సు రంగు, ఎత్తు బోర్డు దగ్గర ఫోటో, ఇవన్నీ మన కోరికలు.

రెండోది. అది వద్దని చెప్పే భాష నాకు తెలుసా? తిననప్పుడు, ఆయాసపడినప్పుడు, కూర్చుండిపోయినప్పుడు అది చెప్పేది వినడానికి నా ప్లాన్‌లో ఖాళీ ఉందా? ప్రతి రాత్రికీ ముందే హోటల్ బుక్ చేసి, వెనక్కి రావడానికి ఒక్క రోజు కూడా మిగలకుండా బయల్దేరితే, విన్నా చేసేదేమీ ఉండదు.

మూడోది, అన్నిటికంటే కష్టమైంది. ఎందుకోసం వెళ్తున్నామో దాన్ని దీనికోసం వదులుకోగలనా? 'చూద్దాంలే, అంతదాకా రాదులే' అనేది జవాబు కాదు. వదులుకోలేననిపిస్తే నిజాయితీగా అలాగే అనుకోండి, కుక్కని దానికి అలవాటైన మనిషి దగ్గర వదిలి హాయిగా వెళ్ళిరండి. అందులో ఏ దోషమూ లేదు. ఇంట్లో చల్లగా పడుకున్న కుక్కకి మీ చంద్రతాల్ మీద ఏ ఫిర్యాదూ ఉండదు.

చివరగా ఒక్క మాట. ఇంట్లో కుక్క లేనివాళ్ళు ఇది తమకి కాదనుకోవద్దు. మా అత్తయ్యని ఏ యాత్రకి రమ్మన్నా, "మీ ఇష్టం అమ్మా, నాకేం పర్వాలేదు" అంటారు. ఆవిడ మోకాళ్ళ సంగతి ఆవిడ చెప్పరు. మెట్ల దగ్గర ఒక్క క్షణం ఆగి కొంగుతో మొహం తుడుచుకున్నప్పుడు మనమే చూసుకోవాలి. మన ఇళ్ళలో అమ్మలూ నాన్నలూ చాలామంది ఇంతే. చిన్నపిల్లలూ అంతే, అమ్మ చెయ్యి పట్టుకుంటే ఎంత దూరమైనా నడుస్తారు. మనకి వద్దని చెప్పగలిగేవాళ్ళ దగ్గర ధర్మంగా ఉండటం సులువు, వాళ్ళే ఆపుతారు. వద్దనలేనివాళ్ళ దగ్గర ఆపేవాళ్ళెవరూ ఉండరు. పెద్దమనిషి అన్న పేరూ రాదు. ధర్మదేవత ఆ పరీక్షకి కుక్క రూపంలో రావడానికి కారణం ఇదేనేమో అని నేను అనుకుంటాను.

మీ ఇంట్లో అలా 'మీ ఇష్టం' అనేవాళ్ళు ఎవరో ఈ వారం ఒకసారి గమనించండి. వచ్చే వీడియోలో మహాభారతం మొదట్లో వచ్చే ఇంకో కుక్క కథ చెప్పుకుందాం. జనమేజయుడి యజ్ఞం దగ్గర ఏ తప్పూ చేయకుండా దెబ్బలు తిన్న కుక్కపిల్ల, న్యాయం అడగడానికి వచ్చిన దాని తల్లి సరమ. అంత పెద్ద ఇతిహాసానికి ఆ మొదట ఒక కుక్క, ఈ చివర ఒక కుక్క. ఊరికే పెట్టి ఉండరు.

శుభం భూయాత్.